ఫ్యూజీ కొండ లేని ఫోటోలు

జపాన్‌లో ఉన్నన్నాళ్లూ నేను ఫ్యూజీ కొండను ఒక్కసారి కూడా ఫోటో తీయలేదు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ ఉన్నది ఒక చిన్న ఊళ్లో. పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. నాకు భాష రాదు, మాట్లాడ్డానికి మనిషి లేడు. మొదట్లో కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. ఒకరోజు ఇంక ఉండబట్టలేక, పాత సామాన్ల అంగట్లో ఒక కెమెరా కొనుక్కుని, రైలెక్కి, పేరు చదవడం కూడా రాని స్టేషన్‌లో దిగేశాను.

ఆ తర్వాత అదే అలవాటైంది. ఎవరో పోగొట్టుకున్న గ్లౌజును ఇంకెవరో ఏరి, కంచె కమ్మీకి తొడిగిపోయారు. దాన్ని తీశాను. ఇంకోసారి ఒక ముసలామె కాలువ దగ్గర ముల్లంగి కడుగుతూ నన్ను చూసి చేతులాపింది. కెమెరా చూపించి, తల వంచి అడిగాను. ఆమె నవ్వింది. ముఖం తుడుచుకోలేదు, జుట్టు సర్దుకోలేదు, మళ్లీ తన పనిలో పడింది. పోయేటప్పుడు ఒక ముల్లంగి నా సంచిలో పెట్టింది. ఆ సాయంత్రం దాంతోనే సాంబారు కాచాను.

నంద్యాలకు తిరిగొచ్చాక కెమెరాను బీరువాలో పెట్టలేదు. ఆదివారం చర్చి అయిపోగానే భుజానికి తగిలించుకుని బయల్దేరేదాన్ని. రైల్వే స్టేషన్, కూరగాయల మార్కెట్, గోస్పాడు దారిలో ఆరబోసిన మిరపకాయలు. ఈ సంగతి ఆళ్లగడ్డలో ఉండే మా బావకు, అంటే మా ఆయన అన్నకు, చేరింది. ఆ ఊరి చర్చిలో ఆయన పెద్ద.

ఆమధ్య వాళ్లింటికి పోయినప్పుడు, అన్నాలు తిన్నాక, నా ఫోటోలు చూస్తానన్నాడు. ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాను.

"ఏందమ్మా ఇవి? గ్లౌజులు, సైకిళ్లు, ముసిలోళ్లు. ఆ కొండ యాడ?"

"తీయలేదు బావా."

"అంత దూరం పోయి కొండ తీయకుండా వస్తారా ఎవరన్నా?" అని ల్యాప్‌టాప్ మూసేశాడు. "సరే, ఆడ తిరిగినావు, మనల్ని ఎరిగినోళ్లు లేరు. ఈడ అట్లా కాదు. మార్కెట్లో ఒక్కదానివే కెమెరా పట్టుకుని తిరుగుతాండావని అందరూ నన్నడుగుతాండారు. ఇంక మానుకో."

మా ఆయన వైపు చూశాను. ఆయన మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. మాట రాని దేశంలో భయం పోగొట్టుకుని నడవడం నేర్చుకున్నాను. నా మాటే అందరూ మాట్లాడే చోటికొచ్చి ఆ నడక వదులుకోవాలా?

"మానుకోను బావా," అన్నాను. వంటింట్లో మా తోడికోడలు గిన్నెలు కడగడం ఆపింది.

ఆ రాత్రి అక్కడే ఉన్నాం. మర్నాడు పొద్దున్నే ఆ ఊళ్లోనే శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గరికి పోయాను. ఒకాయన ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

"ఫోటో తీసుకోవచ్చా అన్నా?"

"తీసుకోమ్మా. ఆ అమ్మవారు నిన్ననే అయిపాయ. బాగొస్తాది."

"అమ్మవారిని అందరూ తీస్తారు. నువ్వు విడిచిన చెప్పులు తీస్తా."

రాతిదుమ్ముకు తెల్లబడిన చెప్పులవి. ఆయన పగలబడి నవ్వి, "నీ ఇష్టం తల్లీ," అన్నాడు.

నేను నేలమీద కూర్చుని తీస్తుంటే బావ బైకు వచ్చి ఆగింది.

"ఇంటికి పద."

"పని కాలేదు బావా. అయినాక వస్తా."

"నలుగురూ చూస్తాండారు."

"చూడనీ. నేనూ వాళ్లనే చూస్తాండా."

ఆయన బైకు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత తీసిన ఫోటోలు కొన్ని మసగ్గా వచ్చాయి. అయినా ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే ఉన్నాను.

తిరుగు బస్సులో మా ఆయన, "ఇంకొంచెం మెత్తగా చెప్పింటే బాగుండు," అన్నాడు.

"మెత్తగా చెప్పాలనుంటే నువ్వే చెప్పుండాల్సింది," అన్నాను.

బావ నాతో మాట్లాడ్డం మానేశాడు. ఫోన్ చేస్తే తమ్ముడితోనే మాట్లాడి పెట్టేస్తాడు. బాధగానే ఉంది, కానీ క్షమాపణ మాత్రం అడగను. పోయిన ఆదివారం దొర్నిపాడు బస్సుకని ఇంట్లోంచి పోతుంటే మా ఆయన గేటు దాకా వచ్చి, "ఎప్పుడొస్తావ్?" అన్నాడు.

"వెలుతురు పోయినాక," అని బయల్దేరాను.