లాంచీలో అతికిన పోగులు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ బయట చెప్పలేదు.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గంమీద నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టే పని. మా ఇంట్లో అది అమ్మ పని. ఆమెది ఎడమచేతి వాటం. మెలిక అందరిదీ ఒకవైపు తిరిగితే ఆమెది రెండోవైపు తిరిగేది.

పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో అమ్మ పోయింది. సరిగ్గా అప్పుడే పడుగూ అయిపోయింది. ఆ పోగులమీద ఇంకొకరి చెయ్యి పడకూడదని నాయన మొండికేశాడు. ఆరు నెలలు మగ్గం ఆగిపోయింది. తిండి తగ్గి మనిషి సగమయ్యాడు. ఇలాగే వదిలేస్తే నాయన కూడా దక్కడని భయపడి, నేను కాపురముండే బొంబాయికి తీసుకొచ్చాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం సముద్రంలో తిప్పే లాంచీ ఎక్కించాను. మాది కరువు సీమ, చెరువులోకి నీళ్ళొస్తే ఊరంతా పోయి చూసేవాళ్ళం మేము. నాయన అంచు బల్లమీద కూచుని, కమ్మీ పట్టుకుని, కళ్ళార్పకుండా చూశాడు.

"ఇన్ని నీళ్ళు ఈడ ఊరికే పడి ఉండాయి కదమ్మా," అన్నాడు.

ఉప్పునీళ్ళని చెబితే నమ్మలేదు. తుంపర పడిన చెయ్యి నాకి చూసి, మొహం చిట్లించి, నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

లేచేటప్పుడు ఆయన భుజంమీది తువ్వాలు బల్ల మేకుకు తగులుకుని జానెడు చిరిగింది. దాన్ని బల్లమీదే పెట్టి, ఒడ్డున మేడలు చూడ్డానికి అవతలి పక్కకు వెళ్ళాం. ఐదు నిమిషాలు కూడా కాలేదు.

తిరిగొచ్చేసరికి తెగిన పోగులన్నీ అతికి ఉన్నాయి. అక్కడ గుడ్డ కాస్త ముడుచుకుంది. ఒక్కొక్క పోగూ విడిగా మెలిపెట్టి ఉంది, మెలికలన్నీ రెండోవైపు. తడిమితే వేలికి బూడిద అంటింది. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా గంట పని. ఎదురు బల్లమీది గుజరాతీ ఆవిడను అడిగితే, మేం వెళ్ళాక ఇటు ఎవరూ రాలేదంది.

నాయన బొటనవేలితో ఆ మెలికలు చాలాసేపు తడిమాడు.

"మీ అమ్మ చెయ్యే," అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "నేను ఊరికే కూచోనుండేది ఆమెకు సరిపోలేదు. ఊరికి పోతానమ్మా," అన్నాడు.

మూడోరోజే రైలెక్కాడు. వెళ్ళగానే పక్కింటి రంగమ్మత్తను పిలిచి పడుగు అతికించుకున్నాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నేశాడు.

ఎవరో ప్రయాణికులే చేసుంటారని మా ఆయన అంటాడు. మగ్గం పని తెలిసినవాళ్ళు, అందులోనూ ఎడమచేతివాళ్ళు, బూడిద వెంటబెట్టుకుని ఆ లాంచీ ఎక్కారా? నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

పెళ్ళయిన ఏడేళ్ళలో అమ్మను ఒక్కసారైనా బొంబాయికి రమ్మనలేదు నేను. ఇల్లు ఇరుకని వాయిదా వేస్తూ వచ్చాను. ఆ రోజు నేను పిలవకుండానే వచ్చి, లాంచీ ఎక్కి, నాయన పని చూసి వెళ్ళిపోయింది. నావైపు చూసిందో లేదో.