దారి తప్పిన రక్తనాళం

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఊపిరమ్మే. పొద్దస్తమానం సీటీ స్కాన్ గది అద్దం వెనక కూర్చుని మైకులో "ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, ఇక వదలండి" అంటుంటే మరేమంటారు! చిన్నపిల్లల్ని స్కానింగ్‌కి తెస్తే మాత్రం పెద్ద డాక్టరుతోనైనా పోట్లాటే. "పసివాళ్ల ఒంట్లోకి ఊరికే కిరణాలు పంపుతారా? అంత అవసరమేమొచ్చింది?" అనేది. ఆ మాట న్యాయమైనదే. చివరికి అదే కొంప ముంచింది.

ఆవిడ కొడుకు ఒకసారి పరుగుపందెంలో కళ్లు తిరిగి పడ్డాడు. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. "ఎందుకైనా మంచిది, సీటీ కూడా తీసేద్దాం" అన్నాడు గుండె డాక్టరు.

"వద్దు సార్. గుండ్రాయిలా ఉన్నాడు, వాడికెందుకవన్నీ!" అని నవ్వేసింది.

ఏడాది తిరక్కుండానే పిల్లాడు మైదానంలో కుప్పకూలాడు, మళ్లీ లేవలేదు. పోస్టుమార్టంలో తేలింది. గుండెకి రక్తం అందించే నాళం ఒకటి పుట్టుకతోనే దారి తప్పి, రెండు పెద్ద నాళాల నడుమ ఇరుక్కుందట. పరిగెత్తినప్పుడల్లా నలిగిపోయేదట. కత్తి పెట్టకుండానే ఆ దారి చూపించే యంత్రం కన్నతల్లి చేతికిందే ఉంది. ఎంత ఘోరం!

ఇప్పుడు అదే బల్ల మీద వాడి చెల్లెలు పడుకుంది. తోబుట్టువుకీ ఉండొచ్చు, చూద్దామన్నాడు డాక్టరు. ఈసారి ఊపిరమ్మ కిక్కురుమనలేదు. గుండె దడదడలాడితే బొమ్మ మసకబారుతుందని మాత్ర వేశారు గానీ, పిల్ల భయం ముందు అదేం పనిచేస్తుంది! తల్లి మైకు మీదికి వంగింది.

"బంగారం, నేనిక్కడే ఉన్నా. చేతి నరంలోకి మందు ఎక్కగానే ఒళ్లు వెచ్చబడుతుంది, కంగారు పడకు. ఊపిరి తీసుకో... బిగబట్టు..."

తెర మీద నాళం కనబడింది. అన్నకున్నట్టే ఉంది. డాక్టరు కన్నా ముందు ఆవిడే చూసింది. వదలమని చెప్పడం మరిచి, తెరనే చూస్తూ ఉండిపోయింది. డాక్టరే గబుక్కున వంగి, "వదిలెయ్యమ్మా" అన్నాడు.

తర్వాత ఆవిడ భుజం తట్టి, "సమయానికి దొరికింది. ఆపరేషన్ చేస్తే నిక్షేపంగా ఉంటుంది" అన్నాడు. ఆవిడ చేతులు జోడించింది. బిడ్డ దక్కిందన్న సంతోషం, దక్కనివాడి దుఃఖం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

పిల్ల మోచేతి దగ్గర దూది అదుముకుంటూ లేచి కూర్చుంది. "అమ్మా, అన్నయ్యకి కూడా ఇలా తీసుంటే తెలిసేదా?"

"తెలిసేదమ్మా."

"మరి తీయలేదేం? నువ్వు రోజూ ఇక్కడే ఉంటావుగా!"

ఊపిరమ్మ పిల్లని గుండెకి హత్తుకుని భోరుమంది.