మంద పెట్టిన చేను

కుల్కచర్ల కురుమ దేవప్పకు చదువు రాదు. కానీ ఏ ఎండాకాలంలో ఎవరి చేనులో ఎన్ని రాత్రులు మంద పెట్టాడో, పదేళ్ల కిందటిది అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. కోతలై చేలు ఖాళీ అయ్యాక రైతులు గొర్రెల మందను పిలిపించుకుంటారు. పొద్దుగూకే వేళకు చేనులో గుండ్రంగా తడకలు నిలబెట్టి లోపలికి గొర్రెలను తోలితే, తెల్లారేసరికి అంతమేర నేలకు ఎరువు అందుతుంది. మర్నాడు తడకలు పక్కకు జరుపుతారు. వికారాబాద్ నుంచి తాండూరు దాకా మందలున్నవాళ్లు చాలామందే ఉన్నా, ముందు దేవప్పకే కబురు వచ్చేది. తెల్లవారకముందే గొర్రెలను లేపుకొని పోయే రకం కాదు అతను. ఆ సంగతి పదిమందీ అనుకుంటుంటే విని లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది.

నిజాం పాలన పోయి పదేళ్లయింది. తాండూరు గుల్బర్గా జిల్లా నుంచి విడిపోయి ఇటు కలిసి రెండేళ్లయింది. ఆ ఏడు వేసవిలోనే తాండూరులో ఖుద్దూస్ దుకాణం మూతపడింది. అది గంజాయి దుకాణం. ఇప్పుడు చెబితే నోరు తెరుస్తారు గానీ, సర్కారు లైసెన్సుతో, తలుపు మీద బోర్డుతో ముప్పై ఏళ్లు నడిచింది. అనంతగిరికి పోయే బైరాగులు, దర్గా దగ్గరి ఫకీర్లు, కీళ్ల నొప్పుల ముసలివాళ్లు అక్కడే కొనేవారు. గొర్రెలకు పారుడు పట్టుకుంటే బెల్లంలో చిటికెడు ఆకు కలిపి తినిపించడానికి దేవప్ప లాంటివాళ్లూ కొనేవారు. నిన్నటిదాకా ముద్ర కొట్టి అమ్మించిన సర్కారే ఒకరోజు పొద్దున్నే అది నేరమంది. అబ్కారీవాళ్లు వచ్చి ఉన్న సరుకంతా వీధిలో పోసి తగలబెట్టి, తలుపుకు తాళం వేసి వెళ్లారు.

మిగిలింది ఒక్క గోనెసంచి గింజలు. గంజాయిలో గింజ ఉంటే కొనేవాళ్లు గొణుగుతారు కాబట్టి ఖుద్దూస్ ఏరించి, పావురాలకని పక్కన పోయించేవాడు. అబ్కారీ జవాన్లు ఆ సంచిలో చెయ్యి పెట్టి చూసి వదిలేశారు.

"గింజలకు కేసు లేదంట, తీస్కపో దేవప్పా," అన్నాడు ఖుద్దూస్. "ఈనిన గొర్లు బక్కగున్నయ్ అంటివి గద. తింటయ్."

దేవప్ప సంతోషంగా భుజాన వేసుకొని వచ్చాడు. రోజూ మాపటికి తడకల లోపలే గోనెపట్ట పరిచి, తవుడులో గింజలు కలిపి పోసేవాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తినేవి. సగం కడుపులోకి పోయాయి, సగం డెక్కల కింద పడి నేలలోకి దిగాయి. కడుపులోకి పోయినవైనా అన్నీ అరిగి ఉండవు. ఆ వేసవిలో అతను పదకొండు చేలలో మంద పెట్టాడు.

వానలు పడ్డాయి, విత్తనాలు వేశారు. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం దేవప్ప, వేసవిలో తాను మంద పెట్టిన ఎల్లప్ప అనే రైతు చేను గట్టు మీదుగా గొర్రెలను తోలుకుపోతున్నాడు. ఒక గొర్రె ఆగి, మెడ చాచి, జొన్నల మధ్య నుంచి ఆకు ఒకటి లాగింది. దేవప్ప ఆ కొమ్మను అరచేతిలో నలిపి వాసన చూశాడు. చూసి అక్కడే కూర్చుండిపోయాడు. మెల్లగా లేచి జొన్నల్లోకి వెళ్లి చూస్తే మోకాలెత్తున ఇరవై మొక్కలు. గుండ్రంగా, సరిగ్గా తన తడకలు నిలబెట్టినంత మేరకే ఉన్నాయి. తడకల గీత దాటి ఒక్కటంటే ఒక్కటి లేదు.

మిగతా పది చేలు వరసగా కళ్లముందు తిరిగాయి. కిందటి నెలలోనే బొంరాస్‌పేట దగ్గర ఎవరి పెరటిలోనో రెండు మొక్కలు దొరికితే, ఆ ఇంటాయనను నడిపించుకుపోయారని అతను విన్నాడు. విత్తిందెవరని ఎవరూ అడగలేదు. మొక్క ఎవరి నేలలో ఉంటే వాడే దొంగ.

ఎల్లప్పకు చెప్పొచ్చు. చెబితే ఊరంతా తెలుస్తుంది, ఊరికి తెలిసింది అబ్కారీకి తెలియకుండా ఉంటుందా? పైగా ఇక మీదట ఎవడు పిలుస్తాడు దేవప్ప మందను? భయంతో పాటు ఆ పాడు పరువు కూడా అతని నోరు నొక్కింది. వంగి ఒక్కొక్కటే పీకి, గొంగడిలో చుట్టి, వాగు ఇసుకలో పూడ్చాడు. ఇంటికి పోయి భార్య ఎంకమ్మతో నాలుగు రోజులు మందను చూసుకొమ్మన్నాడు.

"ఏందయ్యా, మొకం గట్లున్నది?" అంది ఎంకమ్మ.

"ఏం లేదు. ఒస్త," అని బయల్దేరాడు.

మూడు పగళ్లు పరుగు లాంటి నడక. ఎవరైనా ఎదురైతే తప్పిపోయిన గొర్రెను వెతుకుతున్నానన్నాడు. చేలగలవాళ్లు అన్నానికి ఇంటికి పోయే వేళ చూసి లోపలికి దూరేవాడు. ఒకచోట ఆరు మొక్కలు, ఒకచోట ముప్పై. ఒకచోట కంది చేనులో దాక్కొని, గట్టు మీద మాట్లాడుకుంటున్న ఇద్దరు వెళ్లేదాకా గంటసేపు చీమలు కుడుతున్నా కదల్లేదు. అతని వేళ్ల నుంచి ఆ వాసన పోలేదు. మట్టితో తోమాడు, వేపాకుతో తోమాడు, అన్నం ముద్ద నోటిదాకా తెస్తే అదే వాసన.

నాగవ్వ చేను ఆఖరికి ఉంచుకున్నాడు. కోట్‌పల్లి దారిలో ఉండే నాగవ్వ భర్త పోయినప్పటి నుంచి రెండెకరాలు ఒంటిచేత్తో చేసుకొస్తోంది. ఆమె చేనులో గడ్డిపరక కనబడదు. కలుపు తీయడంలో ఆమెను మించినవాళ్లు లేరని దేవప్ప ఎరుగును. ఆమె ఎప్పుడో పీకి పారేసి ఉంటుంది, చివరికి ఒకసారి చూసి వద్దాంలే అనుకున్నాడు. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

నాలుగో రోజు పొద్దున అతను అక్కడికి చేరేసరికి గట్టు మీద రెండు సైకిళ్లు పడుకోబెట్టి ఉన్నాయి. చేనులో ఖాకీ బట్టలు. అబ్కారీ సబ్ ఇన్‌స్పెక్టర్ యోబు, ఒక జవాను, వాళ్ల ముందు కొంగు బిగించుకొని నాగవ్వ. జొన్నల మధ్య మొక్కలు ఛాతీ ఎత్తున ఉన్నాయి. పీకలేదు సరికదా, చుట్టూ మట్టి ఎగదోసి మరీ పెంచింది.

"సారూ, గది పుంటి," అంటోంది ఆమె. "నారకు ఉంచుకున్న. బొక్కెన తాడు పాతదయ్యింది."

పాపం, పుంటి ఆకూ అలాగే వేళ్లు చాచినట్టుంటుంది. మొలకప్పుడు చూసి గోగునార మొక్కలే అనుకుంది. కలుపులో ఒక్కటి కూడా వదలని మనిషి వీటిని మాత్రం పనికొస్తాయని వదిలింది. యోబు చెడ్డవాడేమీ కాదు. కొమ్మ తుంచి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"పుంటి గిట్ల వాసనొస్తదా అమ్మా?"

నాగవ్వ బిత్తరపోయింది. అటూ ఇటూ చూసేసరికి గట్టు మీద దేవప్ప కనిపించాడు. ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది.

"అగో, దేవప్ప ఒచ్చిండు. మందలోళ్లకు అన్ని చెట్లు ఎరుకుంటయ్. నువ్వన్న చెప్పు తమ్మీ, గది పుంటి కాదా?"

ముగ్గురూ అతని వైపు తిరిగారు. దేవప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పుంటి అంటే అబద్ధం, ఎవరూ నమ్మరు. మిగిలిన నిజమంతా చెబితే తనను తీసుకుపోతారు, అరవై గొర్రెలతో ఎంకమ్మ ఒక్కతే. గొంతులోంచి సగం మాటే వచ్చింది.

"కాదక్కా. గంజాయే," అన్నాడు.

మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది. నాగవ్వ అతన్ని అలా చూస్తూ ఉండిపోయింది. మొక్కలు పీకి కట్ట కట్టి ఆమె నెత్తినే పెట్టి, వికారాబాద్ దారి పట్టించారు. పోతూ పోతూ ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. దేవప్ప పిరికిపంద అని ఇక్కడ చెప్పక తప్పదు. తర్వాత అతనే చెప్పుకొన్నాడు, పది మంది ముందు.

ఇంటికి పోలేదు. తాండూరు వెళ్లి, మూతపడిన దుకాణం అరుగు మీద కూర్చున్న ఖుద్దూస్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ముసలాయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"నన్ను కూడ పట్కపోతరని ఫికర్ అయితుంది, ఝూట్ ఎందుకు," అన్నాడు. "ఆ గింజలు ఇచ్చింది నేనే గద. మనం ఇద్దరం చుప్ ఉంటే మనకు ఏం గాదు దేవప్పా. ఆమెకు అయితది."

తర్వాత ఖుద్దూస్ ఇంటికి పోయి టోపీ పెట్టుకొని, పాత లైసెన్సు కాగితం జేబులో పెట్టుకొని వచ్చాడు. మర్నాడు ఇద్దరూ వికారాబాద్‌లో యోబు ముందు నిలబడ్డారు. నాగవ్వ అప్పటికి ఒక రాత్రి లాకప్‌లో గడిపింది.

యోబు మొదట నవ్వాడు. గొర్రెలు గంజాయి సేద్యం చేశాయని కోర్టులో చెబితే నా ఉద్యోగం పోతుందన్నాడు. దేవప్ప అతన్ని చేనుకు రమ్మని బతిమాలాడు. వచ్చాక, మొక్కలు పీకిన గుంతల మీదుగా నడిచి చూపించాడు.

"గిది మొదటి రాత్రి సారు. గీడికెల్లి గీడిదాక తడకలు. గది రెండో రాత్రి. గది మూడోది. తడక అవుతల ఒక్క గుంత ఉన్నదేమో చూడుండ్రి."

మూడు గుండ్రాలు, ఒకదాని పక్కన ఒకటి. అవతల ఒక్క గుంత లేదు. యోబు తానే మూడుసార్లు చుట్టూ తిరిగి చూశాడు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"ఇంకా ఎన్ని చేన్లల్ల పెట్టినవ్ మంద?"

"ఇంక పది సారు."

"గట్లయితే ఇంకొక చేనుల గిట్లనే గుండ్రంగ చూపెట్టు. నిన్ను, నాగవ్వను ఇద్దరినీ ఇడిచిపెడత. తెల్వక జరిగిందని రాస్త."

పది చేలూ దేవప్ప తన చేతులతోనే శుభ్రం చేశాడు. నాగవ్వను పట్టుకోవడానికి ముందు రాత్రి పడ్డ వానకు గుంతలు కూడా పూడుకుపోయాయి. దాచిపెట్టడానికి పీకిన ప్రతి మొక్కా తన పక్షాన నిలబడి ఉండేదని ఇప్పుడు తెలిసింది.

"అన్ని పీకేసిన సారు," అన్నాడు.

యోబు ముఖం మారిపోయింది. "తప్పు చేయనోడు మూడు దినాలు దొంగతనంగ పీకుతడా?" అన్నాడు. అడిగినవాడి తప్పేమీ లేదు, ఆ మాట ఎవరికైనా వస్తుంది. తర్వాతి రోజుల్లో ఆ చేలగలవాళ్ల దగ్గరకు వెళ్లి అడిగితే, మా చేనులో ఏమీ మొలవలేదు, మేమేమీ చూడలేదన్నారు. ఎల్లప్ప అయితే దేవప్ప మంద తన చేనులో పెట్టనే లేదన్నాడు. ఎవరి భయం వాళ్లది.

గింజలు తన మంద వల్ల పడ్డవేనని దేవప్ప ఒప్పుకున్నాడు కాబట్టి నాగవ్వను చేను చూసిన సాయంత్రమే వదిలేశారు. దేవప్పకు కోర్టులో మూడు నెలల జైలు పడింది. తీర్పు రోజు ఖుద్దూస్ తన లైసెన్సు కాగితం ఎత్తిపట్టి ఏదో చెప్పబోతే కూర్చోమన్నారు. ఆయన కూర్చున్నాడు గానీ ఊరుకోలేదు. ఇంటికి వెళ్లి ఉర్దూలో అర్జీ రాశాడు. మొక్క కనబడగానే నేల ఎవరిదైతే వాళ్లనే పట్టుకోవద్దు, విత్తిందెవరో ముందు విచారించాలి. గొర్రెల మందుకు పిడికెడు ఆకు ఉంచుకునే వీలు మందలవాళ్లకు ఇవ్వాలి. ఈ రెండే అందులో ఉన్నాయి. ఊరూరా తిరిగితే ఇరవై ముగ్గురు కురుమలు వేలిముద్రలు వేశారు. అందరికన్నా పైన ఉన్న ముద్ర నాగవ్వది. అర్జీ హైదరాబాద్ పోయింది. ఏడాదికి ఒక జవాబు వచ్చింది, పరిశీలనలో ఉందని. ఖుద్దూస్ మళ్లీ రాశాడు. ఆయన పోయేదాకా ఏటా ఒకటి రాస్తూనే ఉన్నాడు.

దేవప్ప జైలు నుంచి వచ్చేసరికి ఎంకమ్మ చిక్కిపోయింది, మంద నలభైకి దిగింది. ఎండాకాలం వచ్చింది. చేలు ఖాళీ అయ్యాయి. చైత్రం సగం గడిచినా ఒక్క కబురు రాలేదు. అతను కొట్టంలో నిలబెట్టిన తడకలను రోజూ ఒకసారి చూసి వచ్చేవాడు. ఊళ్లోంచి పోతుంటే, ఎల్లప్ప చేనులో వేరేవాళ్ల మంద కనిపించింది. తల దించుకొని గబగబా నడిచాడు. జైల్లో కూడా అంత బాధపడలేదు.

వైశాఖం మొదట్లో ఒక సాయంత్రం నాగవ్వ నడిచి వచ్చింది. వాకిట్లో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"గా దినం ఎందుకు నోరు మూసుకున్నవ్?" అంది. "రాత్రంత గా సిమెంటు బండ మీద కూసొని నన్ను నేను గదే అడిగిన. నన్ను ఎరిగినోడే గిట్ల చేసె అని మస్తు ఏడ్చిన."

దేవప్ప నేల చూపులు చూశాడు. "భయమయ్యింది అక్కా," అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపు తడకల వైపు చూసింది.

"రేపటికెల్లి నా చేన్ల మంద పెట్టు. మూడు రాత్రులు," అంది.

దేవప్ప తల ఎత్తాడు. "వద్దక్కా. నిరుటి గింజ ఏదన్న నేలల మిగిలుంటే మల్ల మొలుస్తది. మల్ల నిన్ను పట్కపోతరు."

"మొలిస్తె మొలవని," అంది నాగవ్వ. "గిప్పుడు నాకెరుకే, పుంటి ఏదో గది ఏదో. కలుపుల నేనే పీకుత. నువ్వు తడకలు తీస్కరా."