సారు కాగితంల లేని ముచ్చట

ముందుగాల మాఫ్ చెయ్యుండ్రి. నా రాత కోడి గీకినట్టుంటది, ఒత్తులు తప్పుతయి. ఊరి బడిల ఏడో తరగతి దాక చదివిన. లాప్‌టాప్‌ల తెలుగు కొట్టుడు ఇంక రాదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి మన లైనక్స్ గ్రూపుల పెడుతున్న.

మా పక్కింటి సారు సోమవారం పొద్దుగాల పోయిండు. చాయ్ తాగుతనే గుండె ఆగింది. ముత్తంగిల మా గల్లీకి ఆయన కరెంటు సారు. మీకైతే, పాత లాప్‌టాప్‌ల వైఫై కార్డు ఎట్ల నడిపించాల్నో కాగితం రాసి పెట్టిన సారు. ఆ కాగితం గురించే నాకు నిన్నటి సంది కాలు ఒక్క తాన నిలుస్తలేదు. గేటు దాక పోతున్న, మల్ల వస్తున్న.

నేను పటాన్‌చెరుల ముప్పై ఏండ్లు లేత్ మిషన్ నడిపిన. సారు మందుల ఫ్యాక్టరీల మిషన్లు బాగుచేసేటోడు. రిటైరయి నేను ఊకె కూసునుడు చూడలేక, దసరాకు వారం ముందు ఒక పాత లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లె పెట్టిండు.

"విండోస్ తీసి లైనక్స్ ఎక్కించిన అన్నా. ఇది ఒక్కనిది కాదు, అందరిది. ఇష్టమొచ్చినట్టు నొక్కు. ఖరాబైతే నేనున్న."

వైఫై ఒక్కటి నడుస్తలేకుండె, ఆ సంగతి పండుగ అయినంక చూద్దామన్నడు. అయినంక మూడు రోజులు దాని ముందట కూసున్నడు. అద్దాలు నుదుటి మీదికి జరుపుడు, మల్ల దింపుడు. చాయ్ మీగడ కట్టేది. లాప్‌టాప్‌ను తిట్టేటోడు. "ఏమే, కార్డు కడుపుల పెట్టుకొని లేదంటవేందే?" నేను నవ్వితే, "నువ్వు నవ్వకన్నా, అది ఇంక మొండికేస్తది" అనేటోడు.

మూడో రోజు ఆ కార్డు కోసం ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు పెన్‌డ్రైవ్‌ల తెచ్చి ఎక్కించిండు. "సూడన్నా! నిన్న లిస్టుల లేని కార్డు పేరు ఇయ్యాల వచ్చింది." పేరు వచ్చింది గని నెట్టు రాలే. సారు మొఖం చిన్నబోయింది. "వయసైందన్నా. ఇదివరకట్ల చెయ్యి ఆడుతలేదు" అని లేచి పోయిండు.

ఆయన ఇంటికి పోయినంక లాప్‌టాప్ తుడుస్తుంటే కనపడ్డది. పక్కన సన్నటి స్విచ్చు, దాని మీద వైఫై గుర్తు. సందుల పసుపు ఎండి గట్టిపడ్డది. ఆయుధ పూజ నాడు నేనే పెట్టిన. ఏటేటా లేత్‌కు పెట్టిన చెయ్యి, ఊకుంటదా? ఇంట్ల ఉన్న మిషన్ అదొక్కటే. తడి పసుపు రాసేటప్పుడు స్విచ్చు బందు దిక్కు జరిగినట్టుంది. సూదితోని గీకి ఇటు జరిపిన. గల్లీల వైఫైలన్ని వరుసగ వచ్చినయి.

సారును పిలిచిన. చూసి తొడ చరుచుకున్నడు. "నేను చెప్పలే? ఫైలు జెర ఆలస్యంగ ఎక్కిందన్నా!" ఉరికిపోయి ఇంటామెను తోలుకొచ్చిండు. "సూడవే, మీ ఆయనకు ఇంక మతి ఉంది."

"ఉంటే చెప్పుల్లేకుండ ఉరుకుతరా?" అన్నదామె.

ఆ సంబురంల స్విచ్చు సంగతి ఎట్ల చెప్త? రేపు చెప్త అనుకున్న. తెల్లారేసరికి ఆయన కాగితం రాసి గ్రూపుల పెట్టేసిండు. ఇగ చెప్పలేకపోయిన. ఆరు నెలలాయె.

నిన్న సారింటామె గోడ కాడికి వచ్చింది. "అన్నా, పెద్దకర్మ నాడు ఆ కాగితం ఆయన ఫొటో పక్కన పెడత. ఆ వైఫై ఎట్ల నడిచిందో నువ్వే నలుగురికి చెప్పాలె. పక్కన ఉన్నది నువ్వే గద?" తల ఊపిన. స్విచ్చు ముచ్చట చెప్తే సారు మూడు రోజుల కష్టం నవ్వులపాలైతది. చెప్పకుంటే ఆయన ఫొటో ముందట నిలబడి అబద్ధమాడినోన్ని అయిత.

మీల తెలిసినోళ్లున్నరు. ఒక్కటే చెప్పుండ్రి. ఆ ఫైలు లేకుండ, ఉత్త స్విచ్చు జరిపితే నడిచేదా? నిన్న లేని పేరు ఇయ్యాల వచ్చిందన్నడు. అది సారు పనే గద? రెండూ కావాల్సిందే అంటే, పసుపు తప్పు నాదని ఒప్పుకుంట, మిగిలింది సారుదని చెప్త. కాదంటే ఏం చెయ్యాల్నో అది గూడ మీరే రాయుండ్రి.

పెద్దకర్మ వచ్చే గురువారం. జెర జల్దీ జవాబియ్యుండ్రి. లాప్‌టాప్ తెరిచే పెట్టిన. వాళ్లింటి వైఫై ఎవ్వరు బందు చెయ్యలే. గోడ అవతలి నుంచి నాకు నిండుగ అందుతుంది, మీ జవాబు దాని మీదనే రావాలె.