తుమ్ము ఆపుకున్న ట్రైలరు

ఫోన్లలో ఇంటర్నెట్ చౌకగా దొరకడం మొదలైన ఆ రోజుల్లో సినిమా ట్రైలరు చూడడమంటే పదిమందీ కలిసి చేసే పని. ఇప్పటిలా ఎవరి చెవుల్లో వాళ్లు తీగలు పెట్టుకుని ఎవరి లోకంలో వాళ్లు ఉండేవాళ్లు కాదు. ఒక ఫోను చుట్టూ ఓ బస్సెడు తలలు చేరేవి. అలాంటి తలల మధ్య కొంతకాలం నా తల కాస్త ఎత్తులో ఉండేది. ఎందుకో చెప్పాలంటే మా కుటుంబం గురించి చెప్పాలి. అది నాకు ఇష్టం ఉండదు, అయినా చెబుతాను.

మాకు ఒకప్పుడు సినిమా హాలుండేది. ఇప్పుడది సిమెంటు గోడౌను. హాలు పోయాక భూమి, భూమి పోయాక ఇల్లు పోయి, చివరికి నేనూ నాన్నమ్మా గోపాలపట్నంలో రెండు గదుల వాటాలో మిగిలాం. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో నాకు ఉద్యోగం దొరికింది. కంపెనీ బస్సులో మొదటిరోజు పక్కసీటతను, ‘మీ నాన్నగారేం చేస్తారు బావా’ అని అడిగితే, మాకు హాలుండేదని ఒక్కసారి, ఒక్కడికే చెప్పాను. మర్నాటికల్లా బస్సంతా నన్ను ‘హాలు బాబు’ అనడం మొదలుపెట్టింది. అందులో ‘బాబు’ గౌరవమో వెటకారమో నాకు తేలలేదు. తిరగేసి కుట్టించిన నా చొక్కా కాలరు మీద వాళ్ల కళ్లున్నాయని మాత్రం గట్టి అనుమానం. అందుకే నడుము వంచకుండా కూర్చునేవాణ్ణి. (సీటు వెనక్కి ఆనుకుంటే ఏదో ఒప్పుకున్నట్టు ఉంటుందని.)

ఆ పక్కసీటు బావ ఫోను ఎప్పుడూ పూర్తి గొంతుతో మోగుతుండేది కనుక అతణ్ణి అందరూ స్పీకరు బావ అనేవాళ్లు. ఫోను వెనక అట్టమీద ఒక హీరో బొమ్మ ఉండేది. దానివల్ల అతను ఏ సినిమా బాగుందన్నా నేను నమ్మేవాణ్ణి కాదు. అసలు నేను ట్రైలర్లనే నమ్మను. సినిమాలో ఉన్న నవ్వులన్నీ ఏరి ఆ రెండు నిమిషాల్లోనే ఖర్చుపెట్టేసి ఉంటారని నా అనుమానం. కింద ‘చరిత్ర తిరగరాస్తుంది’ అని అభిప్రాయాలు రాసేవాళ్లు ఎవరి మనుషులో అని ఇంకో అనుమానం.

మా బస్సుకు ఒక ఆచారం ఉండేది. దసరాకు ఆయుధపూజ రోజున యంత్రాలకు బొట్లు పెట్టాక, బస్సుకు కూడా బంతిపూల దండలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అదే బస్సులో అందరి కుటుంబాలనూ కొత్త సినిమాకు తీసుకెళ్లేవాళ్లు. టిక్కెట్లు ముందే తీసుకోవాలి కనుక ట్రైలరు చూసే సినిమా ఎంచుకోవాలి. కిందటేడు స్పీకరు బావ ఎంచాడట. ఈసారి ఆ పని నాకు అప్పగించడానికి మా ఫోర్‌మన్ పెద్దాయన స్వయంగా నా సీటు దగ్గరకొచ్చాడు.

“బాబూ, కిందటేడు ఈడి మాట ఇని ఎల్లాం. నరుకుడే నరుకుడు. పిల్లగుంటలు జడుసుకున్నారు. మా ఇంటిది సగంలో లేసొచ్చి బయట మెట్ల మీద కూకుంది. దానికి ఏడాదికి ఒక్కటే సినిమా. ఈ పాలి నువ్వు సెప్పాల.”

ఆయన గొంతులో వెటకారం కోసం వెతికాను, దొరకలేదు. హాలు పోయింది, అన్నీ పోయాయి, సినిమా తెలిసిన వంశం అన్న మాట ఒక్కటే మిగిలింది. ఇప్పుడు తప్పు చెబితే అదీ పోతుంది.

అదృష్టవశాత్తూ నా దగ్గర మా తాతగారి పద్ధతి ఉంది. ఆయన ఏనాడూ తెర చూసేవారు కాదట. ప్రొజెక్టరు గదిలో నిలబడి, గోడలోని చిన్న కంతలోంచి నేల క్లాసు జనం మొహాలు చూసేవారట. తెర అబద్ధం చెప్పగలదు, చూసేవాడి మొహం చెప్పలేదు అని ఆయన సిద్ధాంతం. (ఆయన అలా అన్నట్టు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆయన తరఫున నేనే అన్నాను.)

మర్నాడు పొద్దున బస్సు గాజువాక దాటుతుండగా విచారణ మొదలైంది. స్పీకరు బావ ఫోనెత్తి పట్టుకున్నాడు. అందరూ వంగారు, నేను వంగలేదు. మొదటిది ఒక పెళ్లింటి హాస్యం. నేను ఒక్కో మొహాన్నీ కళ్లు చికిలించి పరీక్షించాను. ఒక్కరూ నవ్వలేదు. అందరూ పోలీసు ముందు నిలబడినట్టున్నారు. రెండోది ఒక తండ్రి పగ కథ. సరిగ్గా అప్పుడు రోడ్డు దుమ్ము నా ముక్కులోకి వెళ్లింది. శుభమా అని నిర్ణయం చెప్పబోతూ తుమ్మితే అపశకునం కదా, బలవంతంగా ఆపుకున్నాను. కళ్లు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది, ఊపిరి ఆగింది. తుమ్ము రాలేదు, పోలేదు. ఆ నీళ్లు నిండిన కళ్లతోనే చూద్దును కదా, బస్సంతా నోళ్లు తెరుచుకుని విస్తుపోయి ఉంది. ఇంకేం కావాలి?

“రెండోది” అన్నాను.

దసరానాడు కొత్తబట్టల్లో, పూల బస్సులో, నాన్నమ్మతో సహా అందరం హాలుకు వెళ్లాం. మొదటి పాట పూర్తవకముందే హీరో తల్లి పోయింది. రెండో పాటకు చెల్లెలు. తెరమీద వాన మాత్రం ఆగలేదు. మా పెద్దాయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది, కానీ ఈసారి లేచి బయటికి వెళ్లలేదు. ఎవరూ లేవలేదు. మెరుపు వెలుగులో పక్కకు చూస్తే మా వరస మొత్తం తెర మానేసి నన్నే చూస్తోంది. కుట్ర అనుకున్నాను. మరింత నిటారుగా కూర్చున్నాను.

ఇంటర్వెల్లో స్పీకరు బావ మెల్లగా అడిగాడు. “బావా, ఎలాగుంది?”

“ముందు మీకెలా ఉందో చెప్పండి.”

“నీకెలాగుంటే మాకలాగే. మేం ఆ రోజు సూసింది ఫోనేటి? నీ మొకమే సూసాం. మొదటిదానికి కళ్లెర్రసేసీసావు, మేం నవ్వాపుకున్నాం. రెండోదానికి నోరు తెరిసీసావు. హాలోళ్ల బాబే నోరు తెరిసీసాడంటే అద్దిరిపోద్దని మేం కూడా తెరిసీసాం.”

రాక రాక అప్పుడు ఆ పాత తుమ్ము వచ్చింది. తర్వాత, వంశగౌరవం కాపాడుకోవడానికి, తాతగారి పద్ధతి గురించి వివరించబోయాను. పక్కన పాప్‌కార్న్ నములుతున్న నాన్నమ్మ అడ్డొచ్చింది.

“మీ తాతా? ఆయనకు సినిమా సంగతేం తెలుసురా. గేటు దగ్గరివాడు తన సుట్టాలను ఊరికే లోపలికి తోలేత్తన్నాడని అనుమానం. ఎవరొచ్చారో ఆనవాలు పట్టడానికి ఆ కంతలోంచి తొంగిసూసేవాడు. పట్టుకున్న పాపాన పోలేదు.”

బస్సువాళ్లందరూ మర్యాదగా నేలచూపులు చూశారు. నేను తల ఎత్తే ఉంచాను. (అది తప్ప ఎత్తడానికి ఇంకేమీ మిగల్లేదు.) గంట మోగింది. జనం లోపలికి కదులుతున్నారు. పెద్దాయన భార్య కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరే ఆగిపోయింది.

“నువ్వు లోపలికెల్తే ఎల్తాం బాబూ. పెద్దింటి బిడ్డవి, నువ్వు కూకుంటే మేం లేసిపోతే బాగోదని కూకున్నాం.”

ఈసారి ఆ మాటలో ఏమీ వెతకలేదు. ఏడాదికి ఒక్క సినిమా చూసే మనిషి, నా కోసం రెండు చావులు భరించింది. “బీచికి పోదాం పదండి” అన్నాను. ఇంత వేగంగా ఆ బస్సు ఎప్పుడూ నిండలేదు.

దారిలో పెద్దాయన ఆ మొదటి ట్రైలరు మళ్లీ పెట్టమన్నాడు. అయితే స్పీకరు బావ ఒక షరతు పెట్టాడు. “బావా, ఏటీ అనుకోకు. నువ్వు డ్రైవరు పక్కకెల్లి రోడ్డు సూడు. నీ మొకం మాకు అగుపడకూడదు.” అవమానంగానే ఉంది. వెళ్లి కూర్చున్నాను. ముందు రోడ్డు, ఊగుతున్న బంతిపూల దండ. వెనక పెళ్లింటి గోల మొదలైంది. ముందు ఒక పిల్ల కిసుక్కుమంది. తర్వాత బస్సంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య ఒకటి, నీళ్లు పొంగినట్టు ఆగి ఆగి వస్తోంది. అంతకుముందు ఎప్పుడూ వినలేదు కనుక ఎవరిదో పోల్చుకోలేకపోయాను. “ఇంకోపాలి పెట్టీ” అన్నాక తెలిసింది, పెద్దాయన భార్యది.

బీచిలో ముంత మసాలా తింటూ కూడా అది మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. పై ఆదివారం ఆ సినిమాకే వెళ్లాం. ఉన్న నవ్వులన్నీ ట్రైలరులోనే ఉన్నాయన్న నా అనుమానం చాలావరకు నిజమే. కానీ ఆవిడ అన్నిచోట్లా నవ్వింది.

ఇప్పటికీ ఎవరైనా ట్రైలరు ఎలా ఉందో చెప్పమని ఫోను చాపితే, నేను అందుకోను. నా వెనక కూర్చుని మీరే చూడండి అని, వాళ్లకు వీపు చూపించి నిటారుగా కూర్చుంటాను. అది జమీందారీ పొగరని అనుకుంటారు, అనుకోనీ. ప్రొజెక్టరు గది మోతలో పాపం తాతగారికి హాల్లో నవ్వు ఏనాడూ వినబడి ఉండదు. నాకు వినబడుతుంది. కాకపోతే, వాళ్లు మరీ గట్టిగా నవ్వితే మాత్రం ఒకసారి కాలరు సవరించుకుంటాను.