ఏకాదశి పేజీ అంచున ఆకుపచ్చ రాత

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని, దయ్యాలతో నాకేం పని? ఇప్పుడూ నమ్మను. ఇది చదివి నాకు పూనకమని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

మాది తిరువళ్లూరు. నేను బడికి పోలేదు. మా నాయనే ఇంట్లో అరుగు మీద సుద్దముక్కతో తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యాన రోజూ స్నానం కాగానే రామకోటి రాసుకుంటాను. పేజీ పైన ఆనాటి తిథి వేస్తాను. అది తప్ప, రామనామం కాని మాట ఆ పుస్తకంలో రాయకూడదని నా నియమం.

కరోనా రెండోసారి వచ్చి తగ్గుతున్న రోజులవి. తిరుత్తణిలో మా అక్క కొండ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. వండిపెట్టడానికి వారం రోజులు వెళ్లాను. పదకొండేళ్ల మా కూతురు దివ్యను మా అత్తగారి దగ్గర వదిలి, పుస్తకం మాత్రం వెంట తీసుకెళ్లాను. అక్కడ నా పెన్ను అయిపోతే అక్క ఇంట్లో దొరికిన ఆకుపచ్చ పెన్నుతో రాశాను. ఆ వారం పేజీలే ఆకుపచ్చవి, ముందూ వెనకా అన్నీ నీలం.

తిరిగొచ్చిన నెలకు దివ్యకు జ్వరం పట్టుకుంది. మూడో నాటికి ఒంటినిండా ఎర్రటి దద్దు, కళ్లు ఎరుపు, కడుపునొప్పి, వాంతులు. అత్త చూసి చెంపలేసుకుంది. అమ్మవారు వచ్చిందని తేల్చేసింది. అమ్మవారు వస్తే మా వైపు వాకిలికి వేపమండలు కడతారు, తాళింపు పెట్టరు, డాక్టరు దగ్గరికి పోరు. సూది పడితే అమ్మకు కోపమట. వేపమండలు నా చేత్తో నేనే కట్టాను. ఒక రోజంతా పసుపునీళ్లు చల్లుతూ కూర్చున్నాను. ఆ తప్పు నాది. అత్త మీదికి నెట్టను.

నాలుగో రోజు పొద్దున ఒళ్లు కాలిపోతున్నా పిల్ల చేతులు చల్లగా తగిలాయి. పెదాలు పగిలి, నాలుక ఎర్రగా గరుకుదేరి ఉంది. నేను ఆటో పిలిచాను. అత్త వాకిట్లో అడ్డం నిలబడింది.

"యాడికే తీసకపోతావు? అమ్మను గడప దాటిస్తే ఊరుకుంటాదా?"

"ఊరుకోకుంటే నా మీదికే రానీ అత్తా. మనూరి వైద్య వీరరాఘవసామి పేరులోనే వైద్యుడుండాడు. వైద్యం వద్దని ఆయన ఎప్పుడు చెప్పినాడు?"

"బడికి పోకనే ఇంత నోరు! పోయింటే ఊరునే ఏలుండువు."

తిట్టింది గానీ పక్కకు జరిగింది. నీళ్ల సీసా తెచ్చి ఆటోలో పెట్టింది కూడా ఆవిడే.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ దివ్యను చూసి, నెలా నెలన్నర కింద పాపకు కరోనా వచ్చిందా అని అడిగింది. ఒట్టేసినట్టు రాలేదన్నాను. జ్వరం కూడా రాలేదా అంది. లేదన్నాను. అయితే డెంగీ కావచ్చు, రక్తపరీక్షలు రానీ, చూద్దాం అంది.

బయట బల్ల మీద కూర్చుని, మనసు నిలవక రామకోటి తెరిచాను. పేజీలు ఎందుకు వెనక్కి తిప్పానో తెలియదు. అక్క ఇంట్లో రాసిన ఏకాదశి పేజీ అంచున, ఆకుపచ్చ పెన్నుతో, నిలువుగా ఒక రాత ఉంది.

"పాపకు జ్వరం. మల్లెపూల వాసన తెలీలే."

నా చేతిరాతే. నాయన నేర్పిన వంకర అక్షరాలే. రాసిన జ్ఞాపకం మాత్రం లేదు.

అత్తకు ఫోన్ చేశాను. ఏకాదశి నాడు పాపకు జ్వరం వచ్చిందా అని అడిగాను.

"నీకెవురు చెప్పినారు? ఒక్క పూట కాసి పోయినాది. నువ్వు ఆడ అల్లాడిపోతావని చెప్పలే."

వాసన సంగతి అడిగితే "అదేంది?" అంది.

పరుగున పోయి డాక్టరమ్మకు చెప్పాను. వాసన మాట వినగానే ఆమె కుర్చీలోంచి లేచింది. కరోనా వచ్చి పోయిన కొన్ని వారాలకు కొందరు పిల్లల్లో ఒళ్లు తన మీద తానే తిరగబడుతుందట, గుండె దాకా వాపు వస్తుందట. అప్పటికప్పుడు వేరే పరీక్షలు రాసింది, గుండెకు స్కాన్ తీయించింది. గుండె బలహీనంగా కొట్టుకుంటోంది. అంబులెన్సులో చెన్నైకి పంపించారు. అక్కడ మందు ఎక్కించిన మూడో రోజు దివ్య కళ్లు తెరిచి పెరుగన్నం అడిగింది.

ఆ మాట చెప్పకుంటే డెంగీ అనుకుని ఇంకో రోజు చూసేవాళ్లమని, ఆ ఒక్క రోజు చాలా ఎక్కువయ్యేదని డాక్టరమ్మ తర్వాత అంది. ఆమెను, అంబులెన్సు నడిపినాయన్ను, రాత్రంతా పిల్ల పక్కన నిలబడ్డ నర్సులను రోజూ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

మా ఆయన ఆవడిలో ఫ్యాక్టరీ ఉద్యోగి. ఆయనకు అన్నిటికీ లెక్క కుదరాలి. "పాప ఫోన్‌లో చెప్పుంటాది, నువ్వు రాసి మరిచిపోయుంటావు" అంటారు. అక్కేమో చనిపోయిన నాయనే వచ్చి రాసిపోయాడంటుంది. నాయన రామనామం చెప్పుకుంటూ ప్రశాంతంగా పోయాడు. ఆయన్ను దయ్యాన్ని చేస్తే మా అక్కనైనా ఊరుకోను.

ఇంటికొచ్చాక ఆ రాత దివ్యకు చదివి వినిపించాను. అది తెల్లబోయింది. ఆ రోజు నాయనమ్మ తలలో పెట్టిన పూలు వాసన రాలేదట. చెబితే కరోనా వార్డులో ఒంటరిగా పడేస్తారని భయపడి నోరు మూసుకుందట.

"నేను ఎవురికీ చెప్పలేదే మా. నీతో కూడా చెప్పలే. నీకెట్లా తెలిసినాది?"

ఆ పేజీ తెరిచి దాని చేతికే ఇచ్చాను.

ఆ పుస్తకం నిండాక గుడిలో సమర్పిద్దామని తీసుకెళ్లాను. పూజారిగారు పేజీలు తిరగేసి, రామనామం కాని మాట ఉంది, అది కొట్టేసి ఇవ్వమ్మా అని పెన్ను అందించారు.

"కొట్టేయను సామీ" అని చెప్పి, పుస్తకం కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చుకున్నాను.