అత్తా అని పిలిచే కంపెనీ

మార్కాపురంలో పలకల దుకాణం మీది గదిలో కూర్చుని మేం ఒక పెద్ద కుక్కర్ల కంపెనీ గొంతుతో మాట్లాడతాం. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో ఆ కంపెనీ గురించి ఎవరేం రాసినా అన్నీ ఒకే తెర మీదికొచ్చి పడతాయి. తెలుగువి మాకు, తమిళం ఇంకో ఊరికి. జవాబులు సొంతంగా రాయకూడదు. వకీళ్లు చూసి ఒప్పుకున్న వాక్యాలుంటాయి, ఏరి నొక్కడమే మా పని. ఏ కంపెనీకి పనిచేస్తున్నామో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పబోమని సంతకాలు పెట్టించుకున్నారు. నోరు మనది, మాట వాళ్లది. చేరిన కొత్తలో నాకు ఒళ్లు మండిపోయేది.

నా పక్క కుర్చీ గోపికది. తల్లి చిన్నప్పుడే పోతే యర్రగొండపాలెంలో మేనమామ భార్య లక్ష్మీనరసమ్మ పెంచింది. నెమ్మదైన పిల్ల. అలాంటిది ఒకనాడు పొరపాటు చేసింది. ఎవరో ఒకామె కుక్కర్ విజిల్ రావడం లేదని రాస్తే, "ప్రియమైన వినియోగదారు" అని మొదలయ్యే జవాబు నొక్కాల్సింది పోయి, "అత్తా, మూత రబ్బరు తీసి చన్నీళ్లలో కాసేపు ఉంచి పెట్టు, విజిల్ వస్తాది" అని రాసేసింది. మా వైపు కూరగాయలమ్మే ఆమెనైనా, బ్యాంకు మేడమ్‌నైనా వరస కలపకుండా పలకరిస్తే మాకు మాట్లాడినట్టే ఉండదు మరి.

హైదరాబాదు నుంచి మా పై అధికారి యోగేష్ ఫోన్లోనే ఉతికి ఆరేశాడు. దాని ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. సాయంత్రానికి గాలి మళ్లింది. జనం ఆ జవాబు చూసి మురిసిపోయి ఒకరికొకరు పంపుకున్నారు. వారం తిరక్కుండా వకీళ్లు ఆ పిలుపుకు ముద్ర వేశారు. ఫొటోలో పెద్దావిడ ఉంటే "అత్తా", వయసు చిన్నదైతే "అక్కా". ఎవరికేదో తెరే ఎంచి పెడుతుంది. గోపికకు మెచ్చుకోలుగా కంపెనీ బొమ్మున్న కాఫీ కప్పొకటి పంపారు, మహా పంపారులే.

కొన్నాళ్లకు లక్ష్మీనరసమ్మ వంట చేస్తుంటే కుక్కర్ మూత ఎగిరి కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. అదీ మా కంపెనీ కుక్కరే. మొగుడు మస్తానయ్య ఆసుపత్రిలో చూపించాడు గానీ, "దానికి మూత పెట్టడం చేతగాలేదు" అని పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఆమెకు కాలిన చెయ్యి కన్నా ఆ మాటే ఎక్కువ మండింది. కొడుకు నరేష్ చేత చెయ్యి ఫొటో తీయించి, తన పేరుతోనే కంపెనీ పేజీలో పెట్టించింది. "మూత నేను సరిగ్గానే పెట్టినా. తప్పు కుక్కర్ది. ఆ మాట మీరు చెప్పండి." ఆమె అడిగింది అంతే.

అది వచ్చి గోపిక తెర మీదే పడింది, ఎర్రరంగులో. కాలింది, పేలింది అనే మాటలుంటే ఆ రంగొస్తుంది. వాటన్నిటికీ ఒకటే జవాబు. సరిగ్గా ఆ రకం మూత గురించే కనిగిరి నుంచీ, ఇంకా ఎన్నో ఊళ్ల నుంచీ ఎర్రరంగువి వచ్చాయని మాకిద్దరికీ తెలుసు.

గోపిక యోగేష్‌కు ఫోన్ చేసింది. "సార్, మూతలో లోపముందని ఒక్క మాట రాయనీయండి."

"కొత్త వాక్యం రాయాలంటే నలుగురు ఒప్పుకోవాలమ్మా. వకీళ్లు చచ్చినా ఒప్పుకోరు. జవాబివ్వాల్సిన టైమ్ అయిపోతోంది, నొక్కెయ్."

"పోనీ వేరేవాళ్లకివ్వండి సార్."

"ఎవరు నొక్కినా పోయేది అదే కదా."

గోపిక నొక్కింది. "అత్తా, మీ బాధ మా బాధే. వివరాలు మెసేజ్‌లో పంపండి, మేం చూసుకుంటాం." నాకు ఎవరినైనా కడిగేయాలనిపించింది. ఎవరిని కడగాలో మాత్రం తెలియలేదు.

ఆదివారం ఇద్దరం యర్రగొండపాలెం బస్సెక్కాం. దారి పొడవునా దానిది ఒకటే మాట. "ఈరోజు అంతా చెప్పేస్తా హెప్సిబక్కా. ఉద్యోగం పోతే పోనీ. తప్పు ఆమెది కాదని ఒక్కరన్నా చెప్పాల గదా."

"చెప్పు. నేను పక్కనే ఉంటా," అన్నాను.

లక్ష్మీనరసమ్మ చేతికట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. తన చేత్తో తినలేకపోతోందని గోపిక పప్పన్నం కలిపి పెట్టబోయింది. లక్ష్మీనరసమ్మ ముఖంలో ఏదో సంబరం.

"ఆ కంపెనీలో ఎవరో పిల్ల నన్ను అత్తా అని పిలిచిందే. ఎంత మర్యాదగా రాసిందో. అట్ల వరస కలిపినోళ్లను బజారుకీడ్చేదేంది? నరేష్‌తో ఆ ఫొటో తీసేయించినా. మూత నేనే సరిగ్గా పెట్టలేదేమోలే అని మీ మామ దగ్గర ఒప్పుకున్నా."

చెప్పవే అని గోపిక మోకాలు గిల్లాను. దాని కళ్లు నిండిపోయాయి. ముద్ద పట్టుకున్న చెయ్యి మధ్యలోనే ఆగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెతో ఏది చెప్పాలన్నా అత్తా అనే మొదలుపెట్టింది అది. ఆ పిలుపు ఇప్పుడు నోట్లోంచి రాలేదు.

"తినండి," అంది.

లక్ష్మీనరసమ్మ నవ్వింది. "ఏందే, నాకు కొత్తగా అండీ గిండీ అంటావు?" అని ముద్ద కోసం నోరు తెరిచింది.